నాలుగు నెలలుగా నడుస్తున్నాను, అరకిలో తగ్గాను. నా కొవ్వు మొండిదా?

రాజమండ్రి నుంచి ఒక టీచర్ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 44, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. వాళ్ల నాన్నగారు ఇరవై ఏళ్లు షుగర్‌తో బాధపడ్డారు. ఆఖర్లో కాలి పుండు మానక రెండు వేళ్లు తీసేశారట. మొన్న సంక్రాంతి వెళ్లాక ఈవిడ రక్తపరీక్ష చేయించుకుంటే మూడు నెలల సగటు షుగర్ 6.2 వచ్చింది. "ఇది ఇంకా షుగర్ జబ్బు కాదు, గుమ్మం దాకా వచ్చింది. ఆరు నెలలు నడవండి, తిండి చూసుకోండి, ఆ తర్వాత మందుల సంగతి ఆలోచిద్దాం" అన్నారు డాక్టరుగారు.

ఆ మర్నాటి నుంచి భార్యాభర్తలిద్దరూ తెల్లవారుజామున అయిదున్నరకల్లా గోదావరి గట్టు మీదకు వెళ్లి నలభై నిమిషాలు నడుస్తున్నారు. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు, కాస్త కూర. నాలుగు నెలలు గడిచాయి. ఆయన అయిదు కిలోలు తగ్గారు. ఈవిడ 68 నుంచి 67.4కి వచ్చారు.

"ఆయన ఓ రోజు నవ్వుతూనే 'చాటుగా ఏమైనా తింటున్నావా' అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అత్తగారు 'మీ పుట్టింటి ఒళ్లే అంత, మంచినీళ్లు తాగినా పట్టేస్తుంది' అంటారు. మా వీధి చివర జిమ్‌లో ట్రైనర్ ఒక పొడి తాగమన్నాడు, పొట్టకి బెల్టు కట్టుకోమన్నాడు, మూడు నెలల్లో కొవ్వునంతా కండగా మార్చేస్తానన్నాడు. స్కూల్లో స్నేహితురాలు ఒంటిపూట భోజనం చేయమంటోంది. బరువులు ఎత్తితే మగవాళ్లలా తయారవుతానని ఇంకో భయం. పోయిన నెల షుగర్ 5.9 వచ్చింది, కానీ బరువు తగ్గకుండా అది ఎన్నాళ్లు నిలుస్తుంది? లంగా బొందు ఈమధ్య రెండు వేళ్లు లోపలికి కట్టాల్సి వస్తోంది, ఉతికి ఉతికి సాగిందేమో. నా కొవ్వు మొండిదండీ, నా మాట వినదు. నడక మానేద్దామనిపిస్తోంది. మానేద్దామనుకోగానే నాన్న కాలు గుర్తొస్తోంది. నన్నేం చేయమంటారు?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ బొందు దగ్గర ఆగిపోయాను. నూలు బొందు ఉతికితే సాగదు. తగ్గింది మీ నడుము. బరువు గురించి రెండు పేజీలు రాసి, దాన్ని మాత్రం ఒక్క వాక్యంలో అనేసి, తప్పు కూడా బట్ట మీదకే నెట్టేశారు. మీరు రాసినవాటిలో అన్నిటికంటే మంచి వార్త అదే. రెండోది ఆ 5.9. ఈ రెండూ ఎందుకు మంచి వార్తలో తెలిస్తే, నడక మానాలా వద్దా అన్నది మీరే తేల్చుకోగలరు. కాబట్టి ముందు మీ ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పనివ్వండి.

కొవ్వు మాట వినదని రాశారు. నిజానికి కొవ్వంత శ్రద్ధగా వినే కణజాలం ఒంట్లో తక్కువ. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా దాన్ని ధాన్యం గోదాములాగే చూశారు. మిగిలింది దాచుకోవడం, అవసరమైతే ఇవ్వడం, అంతే అనుకున్నారు. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ని కనిపెట్టింది. అది తయారయ్యేది కొవ్వు కణాల్లో, చేరేది మెదడుకి. "నిల్వ ఇంత ఉంది" అని కొవ్వు మెదడుకి కబురు పెడుతుందన్నమాట. తర్వాత కొద్ది కాలానికే అడిపోనెక్టిన్ బయటపడింది. అదీ కొవ్వు పంపేదే. కండ దాన్ని అందుకుని కొవ్వు ఆమ్లాలను ఎక్కువగా వాడుకుంటుంది, ఇన్సులిన్ మాట బాగా వింటుంది. చిత్రమేమిటంటే పొట్టలో కొవ్వు పెరిగేకొద్దీ ఈ మంచి కబురు తగ్గిపోతుంది, కొవ్వు తగ్గితే మళ్లీ పెరుగుతుంది.

ఇక రెండో వైపు. కోపెన్‌హాగెన్‌లో బెంటే పెడర్సన్ అనే డాక్టర్ బృందం 2000 ప్రాంతంలో ఒక సంగతి చూపించింది. పనిచేస్తున్న కండ ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. మారథాన్ లాంటి సుదీర్ఘమైన పరుగులో అది మామూలు కంటే వంద రెట్ల దాకా పెరగగలదు. కండ ఇలా పంపే కబుర్లకి 2003లో వాళ్లే మయోకైన్లు అని పేరు పెట్టారు. ఈ ఇంటర్‌ల్యూకిన్-6 కొవ్వు దగ్గరికి వెళ్లి "నిల్వ విప్పు" అని చెబుతుంది.

ఆ మాట ఎంత ముఖ్యమో అదే నగరంలో చేసి, 2019లో ప్రచురించిన ఒక ప్రయోగం చెప్పింది. పొట్ట ఉన్నవాళ్ల చేత 12 వారాలు సైకిల్ తొక్కించారు. కొందరికి ఇంటర్‌ల్యూకిన్-6 పని చేయకుండా అడ్డుకునే మందు ఇచ్చారు, కొందరికి ఉత్త సెలైన్. సెలైన్ తీసుకుని తొక్కినవాళ్లకు పేగుల చుట్టూ ఉండే లోపలి కొవ్వు తగ్గింది. మందు తీసుకుని అవే సైకిళ్లు తొక్కినవాళ్లకు అది తగ్గలేదు. కష్టం ఒకటే, చెమట ఒకటే, కబురు మాత్రం చేరలేదు. వ్యాయామం అంటే ఎన్ని కేలరీలు ఖర్చు పెట్టామన్న కూడికలు తీసివేతలేనని నమ్మినవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి ఆగి చూడాలి. మీరు లెక్కల టీచర్ కాబట్టి మీకు ముఖ్యంగా చెబుతున్నాను.

రేపు పొద్దున గట్టు మీద మీ ఒంట్లో జరిగేది ఇది. మొదటి పది అడుగులకి తొడల్లో, పిక్కల్లో కండలు తమ దగ్గరున్న కాస్త ఇంధనంతో సర్దుకుంటాయి. ఇంతలో ఒంటిని పనికి సిద్ధం చేసే అడ్రినలిన్ అనే హార్మోన్ కొద్దిగా పెరుగుతుంది, ఇన్సులిన్ కొద్దిగా తగ్గుతుంది. ఇన్సులిన్ ఉన్నంతసేపూ కొవ్వు గదికి తాళం పడి ఉంటుంది, అది తగ్గితే తాళం వదులవుతుంది. మీ నడుము దగ్గర ఓ కొవ్వు కణం లోపల దాచిన కొవ్వు విడిపోయి మూడు కొవ్వు ఆమ్లాలు, ఒక గ్లిజరాల్ అవుతాయి. కొవ్వు ఆమ్లం నెత్తురులో విడిగా ఈదలేదు, అందుకని అల్బుమిన్ అనే ప్రోటీన్ దాన్ని మోసుకెళ్తుంది. అలా ఆ ముక్క మీ తొడ కండకి చేరి, అక్కడ ఆక్సిజన్‌తో కాలుతుంది. కాలాక ఎక్కడికి పోతుందో తెలుసా? 10 కిలోల కొవ్వు పూర్తిగా కరిగితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితో పోతుందని, మిగతా 1.6 కిలోలు నీరవుతుందని 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క కట్టి చూపించారు. చలికాలం పొద్దున మీ నోట్లోంచి వచ్చే ఆవిరితో పాటు కంటికి కనపడకుండా వెళ్లేది మీ నడుము కొవ్వే.

మరి బరువెందుకు తగ్గలేదు? మీ బరువున్న వాళ్లు నలభై నిమిషాలు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. కిలో కొవ్వులో దాదాపు 7,700 ఉంటాయి. అంటే ఇంకేమీ మారకపోతే కిలోకి యాభై రోజుల పైమాటే. కానీ ఒళ్లు ఊరుకోదు. ఆకలి కాస్త పెంచుతుంది, మిగతా రోజంతా మనకి తెలియకుండానే కదలిక తగ్గిస్తుంది. ఇది మీ చాటు తిండి కాదు, అందరి ఒళ్లూ చేసే పనే. పైగా లోపలి కొవ్వు మొత్తం కొవ్వులో చిన్న వాటా. అది తగ్గితే నడుము చెబుతుంది, తూకం పెద్దగా చెప్పదు. కానీ కాలేయానికి, షుగర్‌కి చేటు చేసేది ముఖ్యంగా అదే.

మీవారితో పోల్చుకోవడం మాత్రం దయచేసి ఆపండి. మగవాళ్లకి కండ ఎక్కువ, కొవ్వు పొట్ట లోపల చేరడం ఎక్కువ. ఆ లోపలి కొవ్వు అడ్రినలిన్ మాట తొందరగా వింటుంది. ఆడవాళ్లకు తుంటి, తొడల్లో చేరే కొవ్వు కణాల మీద "ఆగు" అనే గ్రాహకాలు, అంటే కబురు అందుకునే చెవులు, ఎక్కువ. అది నెమ్మదిగానే కదులుతుంది. దాన్ని మొండితనం అనకండి, అది దాని తయారీ.

బరువు తగ్గకుండా షుగర్ ఎన్నాళ్లు నిలుస్తుందని అడిగారు. మద్రాసు డాక్టర్ రామచంద్రన్ బృందం సరిగ్గా మీలా గుమ్మం దగ్గరున్నవాళ్లు 531 మందిని తీసుకుని ఓ పెద్ద అధ్యయనం చేసి, 2006లో ఫలితాలు ఇచ్చింది. నడక, తిండి మార్పులతో షుగర్ జబ్బు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. ఆ గుంపులో బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మళ్లీ చదవండి ఆ వాక్యం. తూకం కదలకపోయినా జబ్బు వెనక్కి జరిగింది. ఎందుకంటే కదిలే కండ ఇన్సులిన్ సాయం లేకుండానే తలుపు తెరిచి చక్కెరను లోపలికి లాక్కుంటుంది. వ్యాయామం అయిపోయాక కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట చక్కగా వింటుంది. మీ 5.9 వెనకున్నది ముఖ్యంగా ఇదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

నడకను ఇలాగే కొనసాగించడం ఒకటి. ఇందులో తప్పేం లేదు. వారానికి 150 నిమిషాలకి తగ్గకుండా చురుగ్గా కదలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మీరు దాన్ని దాటేశారు. షుగర్ విషయంలో ఫలితం నిలుస్తుంది, కాకపోతే వరసగా రెండు రోజులకి మించి మానకూడదు. ఇక నష్టమేమిటంటే, ఒంటికి ఈ నడక అలవాటైపోయింది. మొదటి నెలలో కండకి అది పని, ఇప్పుడు కాలక్షేపం. కబురు గొంతు తగ్గుతుంది. మధ్యలో రెండేసి నిమిషాలు మాట తడబడేంత వేగంగా నడిచి, మళ్లీ మామూలుగా నడిస్తే గొంతు పెరుగుతుంది. గట్టు ఎక్కే మెట్లు ఉంటే ఇంకా మంచిది.

రెండో దారి, నడకకి తోడు వారంలో రెండు రోజులు కండకి బరువు చూపించడం. నా మనసు దీనివైపే మొగ్గుతోంది, దాచను. కెంటకీ యూనివర్సిటీ వాళ్లు 2021లో ఒక అందమైన సంగతి రాశారు. బరువు మోసిన కండ చిన్న చిన్న పొట్లాలు కట్టి నెత్తుట్లోకి వదులుతుంది. అందులో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-1 అనే ముక్క ఉంటుంది. కొవ్వు కణం ఆ పొట్లాన్ని విప్పుకుని, అడ్రినలిన్ పిలుపు వినే గ్రాహకాలను పెంచుకుంటుంది. అంటే కండ కొవ్వుకి చెవులు మొలిపిస్తోందన్నమాట. ఇందులో ఎక్కువ భాగం ఎలుకల్లో చూసింది. మనుషుల చేత కాళ్లతో బరువులు ఎత్తించినప్పుడు కూడా కండలో ఆ ముక్క తగ్గి, రక్తంలోని పొట్లాల్లో పెరిగింది. కొవ్వు జవాబు కూడా ఇస్తుంది. బోస్టన్‌లోని జోస్లిన్ డయాబెటిస్ సెంటర్ 2019లో ఎలుకల్లో చూపింది ఇది: కష్టపడే కండ వదిలే ల్యాక్టేట్ అనే పదార్థం కొవ్వుని చేరితే, కొవ్వు టీజీఎఫ్-బీటా 2 అనే ప్రోటీన్‌ని వదులుతుంది, అది చక్కెరను అదుపులో పెట్టడానికి తోడ్పడుతుంది. ఒకప్పుడు ల్యాక్టేట్‌ని చెత్త అనేవాళ్లు. అదీ ఒక ఉత్తరమేనని ఇప్పుడు తెలిసింది.

దీనికి జిమ్ అక్కర్లేదు. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం పదిసార్లు. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటూ దిగండి, తొడ కండ మండాలి. గోడకి చేతులు ఆనించి నెట్టడం పదిసార్లు. సగం నీళ్లున్న బకెట్ ఒక్కో చేత్తో పట్టుకుని వరండాలో రెండు చుట్లు. కాసేపు ఆగి ఇంకో రెండు విడతలు. నాలుగు వారాలకి తేలిక అనిపిస్తే బరువు పెంచాలి, లేకపోతే మళ్లీ కాలక్షేపమే. ముందుగా బీపీ చూపించుకోండి, మోకాళ్ల నొప్పులుంటే డాక్టరుతో చెప్పండి. చేస్తుండగా గుండెల్లో బిగబట్టినట్టు ఉన్నా, తల తిరిగినా వెంటనే ఆపి చూపించుకోవాలి.

ఈ దారిలో పడే ఇబ్బంది ముందే చెబుతాను. మొదటి వారం రెండు రోజులు తొడలు పట్టేసి మెట్లు దిగడం కష్టమవుతుంది. కండ నీరు పట్టడం వల్ల కొన్ని వారాలు బరువు అరకిలో, కిలో పెరగొచ్చు. అది తెలియక తూకం ఎక్కితే మీ గుండె ఆగినంత పనవుతుంది. మగవాళ్లలా తయారవుతానన్న భయం మాత్రం వదిలేయండి. అంత కండకి కావలసిన టెస్టోస్టిరాన్ ఆడవాళ్లలో చాలా తక్కువ. అలా తయారయ్యేవాళ్లు ఏళ్లకేళ్లు అదే పనిగా, పెద్ద పెద్ద బరువులతో కష్టపడతారు.

మూడో మార్పు చాలా చిన్నది, పైవాటిలో దేనితోనైనా కలుస్తుంది. రాత్రి భోజనమయ్యాక పది, పదిహేను నిమిషాలు నడక. తిన్న చక్కెర నెత్తుట్లోకి ఎక్కే సమయంలోనే కండ దాన్ని అందుకుంటుంది. స్కూల్లో మధ్యాహ్నం అన్నం తిన్నాక స్టాఫ్ రూమ్‌లో కూర్చోకుండా పైఅంతస్తు క్లాసు అడిగి తీసుకోవడం కూడా ఇలాంటిదే.

ఒంటిపూట భోజనం సంగతి. దాంతో తూకం తప్పకుండా దిగుతుంది, ఇంట్లో నోళ్లూ మూతపడతాయి. కానీ దిగేది కొవ్వు ఒక్కటే కాదు, తగినంత ప్రోటీన్, బరువు పని లేకపోతే కండ కూడా పోతుంది. కొవ్వుతో మాట్లాడే గొంతునే కోసుకున్నట్టు. చక్కెరను అందుకునే చేతులూ అవే కదా. ఇప్పటికే మీ రాత్రి భోజనంలో ప్రోటీన్ కరువైంది. కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మీకు యాభై అయిదు గ్రాములకు అటూ ఇటూ. ఓ కప్పు పప్పులో ఆరేడు గ్రాములు, గుడ్డులో ఆరు. ఆ పుల్కాల పక్కన కాస్త కూర బదులు గట్టి పప్పో, గుగ్గిళ్లో, ఒక గుడ్డో, గిన్నెడు పెరుగో పెట్టుకోండి. పొద్దున ఇడ్లీ బదులు వారంలో నాలుగు రోజులు పెసరట్టు. తిండి తగ్గించాలనే ఉంటే పప్పు జోలికి పోకుండా మధ్యాహ్నం అన్నంలో పావు వంతు, సాయంత్రం బిస్కెట్లు, టీలో పంచదార తగ్గించండి.

పొడి, బెల్టు వద్దు. ఇక్కడ రెండో మాట లేదు. బెల్టు కింద పోయేది చెమట, రెండు గ్లాసుల నీళ్లు తాగితే తిరిగి వస్తుంది. పొట్టకి పని చెబితే పొట్ట కొవ్వే కరగదు, ఎందుకంటే కబురు వెళ్లేది నెత్తురు ద్వారా ఒళ్లంతటికీ. కొవ్వు కరిగిస్తామనే పొడుల్లో చాలావాటిలో ఉండేది దట్టించిన కెఫీన్, గుండెదడ, బీపీ తెస్తుంది. కొవ్వు కండగా మారడమూ ఉండదు. రెండూ వేరువేరు కణాలు, ఒకటి చిక్కుతుంది, ఇంకొకటి పెరుగుతుంది.

ఆరు నెలలు నిండాక షుగర్ మళ్లీ పైకి వెళ్తే డాక్టరు మాత్ర రాయొచ్చు. దాన్ని ఓటమి అనుకోకండి. మద్రాసు అధ్యయనంలో మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర కూడా ముప్పుని 26.4 శాతం తగ్గించింది, ఇంచుమించు నడకతో సమానంగా. అప్పటిదాకా థైరాయిడ్ పరీక్ష చేయించి ఉండకపోతే ఒకసారి అడగండి. మీ వయసు ఆడవాళ్లలో అది బరువుని పట్టి ఉంచడం మామూలే.

ఇక ఇంట్లో మాటలు. మీవారు రోజూ అయిదున్నరకి మీతో లేచి వస్తున్నారు, కాబట్టి మనసులో చెడు లేదనే నా నమ్మకం. కానీ ఆ మాట మిమ్మల్ని రాత్రంతా మేలుకొలిపిందని ఆయనకి తెలియదు. చెప్పకుండా ఊరుకుంటే ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది, మీకు మాత్రం గట్టు మీద నడిచే ప్రతి పొద్దూ పరీక్షే అవుతుంది. చెబితే ఓ పూట ఇబ్బందిగా ఉండొచ్చు. నడిచేటప్పుడే చెప్పండి, పక్కపక్కన నడుస్తూ చెప్పడం ఎదురుగా కూర్చుని చెప్పడం కంటే తేలిక. "ఆ రోజు మీరన్నది నాకు నొప్పి కలిగించింది" అన్నంతవరకే. ఆ తర్వాత ఇద్దరూ టేపు తీసుకుని బొడ్డు దగ్గర నడుము కొలుచుకోండి. మన దేశంలో ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే జాగ్రత్త పడమంటారు. ఆయన కూడా తూకం చూసి నిశ్చింతగా ఉండకూడదు. పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసి చూపించారు. ఎత్తుకి తగ్గ బరువు లెక్కలో (బీఎంఐ) ఇద్దరిదీ 22.3, తేడా లేదు. ఒంట్లో కొవ్వు మాత్రం యాజ్ఞిక్ గారికి 21.2 శాతం, యుడ్కిన్‌కి 9.1. మన ఒళ్లు సన్నగా కనపడుతూనే కొవ్వు దాచుకుంటుంది.

మీ అత్తగారి మాటలో సగం నిజముంది, ఒంటి తీరు పుట్టింటి నుంచే వస్తుంది. షుగర్ ముప్పూ అలాగే వచ్చింది, మీరు పోరాడుతున్నది దానితోనే. ఈ సంగతి ఆవిడకి వివరించాలా, విని ఊరుకోవాలా అన్నది మీ ఇష్టం. వాదిస్తే గెలుస్తారో లేదో గానీ, రాత్రి భోజనం తర్వాత ఆ పది నిమిషాల నడకకి ఆవిడ్ని కూడా పిలిస్తే వస్తారేమో చూడండి. వస్తే ఆవిడ మోకాళ్లకీ మంచిదే.

తూకం యంత్రాన్ని మంచం కిందకి తోసేయండి, నెలకోసారి తీస్తే చాలు. దాని బదులు ఓ నోటుపుస్తకంలో మూడు గడులు గీసుకోండి. నడుము కొలత పదిహేను రోజులకోసారి, కుర్చీలోంచి ఆగకుండా ఎన్నిసార్లు లేవగలిగారో వారానికోసారి, షుగర్ డాక్టరు చెప్పినప్పుడు. ఆరో నెల పరీక్ష అయ్యాక నాకు మళ్లీ రాయండి. బరువు రాయకపోయినా పర్వాలేదు. బొందు ముడి ఎక్కడ పడుతోందో మాత్రం తప్పకుండా రాయండి.